వాక్యాన్ని ఎక్కడ కొయ్యాలి? ఐదు భాషల అట్టముక్కల బల్ల, పని డైరీ

ఈ బల్ల చేసుకోవాలనుకునేవాళ్ళు ముందు మూడో దశ చదివి, ఆ తర్వాతే కత్తెర పట్టుకోండి. మేం ఆ వరసలో చెయ్యలేదు. మొదట కోసిన 236 ముక్కల్లో 41 తుప్పు మరకలకి పోయాయి. వాటిని మళ్ళీ వేయించాక 88 ముక్కలు తప్పు చోట కోశామని తేలి చెత్తబుట్టకి వెళ్ళాయి.

పని ఇది: ఒకే వాక్యాన్ని తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఒకదాని కింద ఒకటి పేర్చాలి. ఏ ముక్క ఏ భాషలో ఎక్కడ కూర్చుంటుందో పిల్లలు చేత్తో జరిపి చూడాలి. ఈ ఐదే ఎందుకంటే విశాఖలో ఒక అపార్టుమెంటు మెట్లు దిగేలోపు ఈ ఐదూ చెవిన పడతాయి. "ఇలా అనం" అని దిద్దేవాళ్ళు ఎదురింట్లోనే దొరుకుతారు. తమిళం పెట్టలేదు, ఎందుకంటే తెలుగు వరస కింద దాన్ని పెడితే కోతలు చాలావరకు అవే చోట్ల పడతాయి, కొత్తగా కనిపించేది తక్కువ. అరకు వైపు మాట్లాడే కూబి, కువి భాషలు పెట్టమని అడిగినవాళ్ళున్నారు. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళు పక్కన కూర్చుని ఒప్పుకోని వరస బల్లెక్కదు అన్నది మొదటి రోజు పెట్టుకున్న నియమం. ఆ ఒక్క నియమాన్నీ మార్చలేదు.

దశ 1: రేకు, అట్ట, ఉప్పుగాలి

బల్ల కొలత 4 అడుగులు × 2 అడుగులు. వెనక 12 మి.మీ. ప్లైవుడ్, ముందు రేకు, ముక్కల వెనక అయస్కాంతపు రబ్బరు పట్టీ.

మొదట వేసింది మామూలు నల్ల ఇనప రేకు, పైన ఒక పూత రంగు. బీచ్ రోడ్డుకి దగ్గర్లో కిటికీ తెరిచి ఉండే గదిలో అది వానాకాలం మొదలయ్యాక నెల కూడా ఆగలేదు. ముక్కల్ని జరిపినప్పుడల్లా రంగు గీసుకుపోయి, గీత పడ్డచోట తుప్పు పట్టింది. ఆ మరక అట్టకి అంటింది. 41 ముక్కలు పోయింది అప్పుడే.

మార్చినది జీఐ రేకు, 26 గేజీ, మందం సుమారు అర మిల్లీమీటరు. జింకు పూత ఉంటుంది కాబట్టి ఉప్పుగాలికి తట్టుకుంటుంది, అయస్కాంతమూ పడుతుంది. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు కొనేముందు అయస్కాంతం జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళండి. వంటగది సామానుకి వాడే 304 రకానికి అది అతుక్కోదు. అల్యూమినియం సంగతి చెప్పక్కర్లేదు. రేకు అంచుల్ని కోసినచోట జింకు ఉండదు, అక్కడ మాత్రం రెడాక్సైడు పూసి, పైన పట్టీ బిగించాలి.

ముక్కలు చేసే వరస:

1. 300 జీఎస్ఎం అట్ట మీద లేజర్ ప్రింటు తీయించాలి. ఇంక్‌జెట్ సిరా ఇక్కడి తేమకి ఊరుతుంది, ఒత్తులు ముద్దవుతాయి.
2. ముందు అట్టని కొయ్యాలి. ఎత్తు అన్నిటికీ 40 మి.మీ., వెడల్పు మాటని బట్టి. కనీసం 22 మి.మీ. ఉండాలి, అంతకంటే చిన్నదైతే వేళ్ళకి అందదు.
3. కోసిన ముక్కల మధ్య 6 మి.మీ. వదిలి 125 మైక్రాన్ల లామినేషన్ చేయించాలి.
4. చుట్టూ 3 మి.మీ. ప్లాస్టిక్ అంచు మిగిలేలా మళ్ళీ కొయ్యాలి.
5. వెనకవైపు స్పిరిటుతో తుడిచి, ఆరాక అయస్కాంతపు పట్టీ అతికించాలి.

రెండూ మూడూ తిరగేసి, పెద్ద కాగితం మొత్తానికి లామినేషన్ చేయించి తర్వాత కోస్తే పని తొందరగా అవుతుంది. కానీ కోసిన అంచులో అట్ట బయటపడుతుంది. తేమ అక్కణ్ణుంచే లోపలికి దూరి, పొరలు రెండూ అరటిదొప్పల్లా విడిపోతాయి.

లెక్క: వాక్యాలు 12 × భాషలు 5 = వరసలు 60. వేయించిన ముక్కలు 236 + మళ్ళీ వేయించినవి 41 = 277. బల్ల మీద ఉన్నవి 236.

దశ 2: లిపి

ఐదు భాషలకీ తెలుగు లిపే. స్పెల్లింగుని కాదు, పలికేదాన్ని రాశాం. హిందీలో "భూఖ్" అని పొల్లు పెట్టాలి, ఒడియాలో అదే మాటకి చివరి అచ్చు పలుకుతారు కాబట్టి "భోక". బెంగాలీ అకారం చాలాచోట్ల ఒకారం వైపు ఒరుగుతుంది, అక్కడ "ఒ" వేశాం. ముక్కుతో పలికే అచ్చులకి మాత్రం గుర్తు దొరక్క కొంత తన్నుకులాడాం. చివరికి అరసున్న పనికొచ్చింది: నహీఁ, నాహిఁ, మూఁ. వాడుక తెలుగులోంచి రిటైరైన అక్షరానికి హిందీ, ఒడియా వరసల్లో ఉద్యోగం దొరికింది.

దశ 3: కోత

మొదటి 236 ముక్కలూ మాటకో ముక్క చొప్పున కోసినవి. రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కడుంటే అక్కడ కత్తెర. ఈ పద్ధతి ఇంగ్లీషుకి ఫరవాలేదు, హిందీకి సగం, తెలుగుకి అసలు పనికిరాదు. "టు స్కూల్" రెండు ముక్కలు, "బడికి" ఒక్క ముక్క. ఇంగ్లీషులో "టు" ముందుంది, తెలుగులో "కి" వెనకుంది అని చూపించడమే బల్ల పని. ఆ "కి" విడిగా జరగకపోతే చూపించేదేముంది?

కాబట్టి అర్థమున్న అతి చిన్న తునక దగ్గర కొయ్యాలి. దీనికి భాషావేత్తలు పాటించే లైప్‌జిగ్ నియమాలు పది ఉన్నాయి. బల్లకి కావాల్సింది రెండోది: పై వరసలో ఎన్ని అడ్డగీతలుంటే కింద అర్థాల వరసలోనూ సరిగ్గా అన్నే ఉండాలి. "బడి-కి" కింద "స్కూలు-వైపు". గీతల లెక్క కుదరకపోతే కోత తప్పు. 88 ముక్కల తప్పు దొరికింది ఈ ఒక్క పరీక్షతోనే.

ఇక అసలు చిక్కు. "వచ్చాడు" తీసుకోండి. వ్యాకరణం ప్రకారం తునకలు మూడు: ధాతువు "వచ్చ్", భూతకాలం "ఆ", మగవాడొకడు అని చెప్పే "డు". రాతలో అక్షరాలూ మూడే: వ, చ్చా, డు. కానీ మొదటి కోత "చ్చా" అనే అక్షరం కడుపులోంచి పోతుంది. కత్తెరతో తలకట్టు దగ్గర కోసి దీర్ఘాన్ని విడిగా తీశాం. ఆ ముక్క ఏమిటో ఎవరూ పోల్చలేదు, దుమ్ము అనుకుని ఊడ్చేశారు. "వచ్చ్ + ఆ + డు" అని విడదీసి అచ్చు వేయిస్తే, "వచ్చ్" అనేది ఏ భాష అని అడిగారు.

దారి చూపింది ఇక్కడి మాటే. ఉత్తరాంధ్రలో "వచ్చినాడు", "వచ్చినాది" అంటారు. వచ్చి-నా-డు, వచ్చి-నా-ది. మూడు తునకలూ అక్షరాల అంచుల దగ్గరే విడిపోతాయి, కత్తెరకి పని సుఖం. పత్రికల భాషలో ముద్దకట్టుకుపోయిన కాలమూ లింగమూ ఈ మాటలో విడివిడిగా కనపడతాయి. ఆ రూపం "యాస" అని పక్కన పెట్టే అలవాటున్న పెద్దవాళ్ళకి ఈ వరస చూపించడం మాకు కొంచెం సరదాగానే ఉంది. భూతకాలం ఉన్న 6 వాక్యాలకి "ఇక్కడి మాట" అని ఆరు వరసలు అదనంగా వేయాలని అప్పుడే నిర్ణయించాం.

మిగతా చోట్ల మూత ముక్క పెట్టాం. చేసే తీరు:

1. పలికే మాట మొత్తం పైముక్క మీద: "ఆకలేస్తోంది".
2. విడదీసిన తునకలు కింద: ఆకలి · వేస్తోంది.
3. రెంటికీ పై అంచున పారదర్శకపు టేపుతో మడత కీలు.
4. అయస్కాంతం కింది ముక్కలకే. పైముక్కకి కూడా పెడితే మూత లేవదు.

తెలుగులో కోతకి లొంగనివి ఇంకా కొన్ని:

"ఇల్లు" కి "కి" చేరిస్తే "ఇల్లుకి" కాదు, "ఇంటికి". బడిలో ఔపవిభక్తికాలని బట్టీ పట్టించే ఇ, టి, తి లు ఇక్కడ చేతికి తగులుతాయి. "ఇంటి" అనేది వేరే ముక్కగా ఉండాలి. నేను/నా, చెయ్యి/చేతి కూడా అంతే. "ఇంట్లో" అన్నప్పుడు ఆ ఇకారం కూడా పోతుంది, దానికి మూతే గతి.

"రా" ధాతువు ఇంకా మొండిది. రా, వస్తాను, వచ్చాను, రాలేదు. వీటిలో ఉమ్మడి భాగం కోద్దామని చూస్తే మిగిలేదేమీ లేదు. మూడు వేర్వేరు ముక్కలు (రా, వస్, వచ్చ్) చేసి, మూలన ఒకే చుక్క గుర్తు పెట్టాం. ఇంగ్లీషు "గో, వెంట్" కి కూడా అదే చుక్క.

లెక్క: తీసేసినవి 88, కొత్తవి 205. బల్ల మీద 236 − 88 + 205 = 353. ఇప్పటిదాకా వేయించినవి 482, పోయినవి 129.

దశ 4: రంగులు

మొదట కర్తకి ఎరుపు, కర్మకి నీలం, క్రియకి పచ్చ వేశాం. ఎనిమిదో వాక్యం దగ్గర ఆగిపోయింది.

తెలుగు: నా-కు ఆకలి వేస్తోంది
ఒడియా: మో-తె భోక లాగుఛి
హిందీ: ముఝే భూఖ్ లగీ హై
బెంగాలీ: ఆమార్ ఖిదె పెయెఛె
ఇంగ్లీషు: ఐ యామ్ హంగ్రీ

ఎరుపు దేనికి? "నాకు" కా? అది "ఎవరికి" అన్నదానికి జవాబు. "ఆకలి" కా? ఆకలి ఏం చేసిందని? బెంగాలీలో అయితే "ఆమార్" షష్ఠి, "నా" అని అర్థం. గంటసేపు వాదించి ఎవరికి వాళ్ళు ఇళ్ళకి పోయే రకం ప్రశ్న ఇది. ఏ పాత్ర పోషిస్తోందో అన్నదాన్ని బట్టి రంగు వేస్తే ప్రతి వాక్యానికీ పంచాయితీ పెట్టాలి. ఏ గుర్తు తగిలించుకుందో చూసి వేస్తే చూసినవాళ్ళందరికీ ఒకే జవాబు వస్తుంది.

మార్చిన రంగులు: గుర్తు లేని నామం తెలుపు, "కి" వంటివి పసుపు, "ని" వంటివి నీలం, "నా, ఆమార్" వంటివి గులాబి, క్రియ పచ్చ. రంగు కాగితపు పట్టీ అట్ట కింది అంచున, లామినేషన్ లోపలే పెట్టాలి. బయట రంగు టేపు అతికిస్తే మే నెల ఎండకి జిగురు కారి ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఇలా వేయగానే ఒక సంగతి బయటపడింది. "రాముని చూశాను", "రాముకి ఇచ్చాను" అని తెలుగు నీలం, పసుపు వేరుగా ఉంచుతుంది. హిందీ రెంటికీ "కో", ఒడియా రెంటికీ "కు", బెంగాలీ రెంటికీ "కె". ఆ మూడు ముక్కలకీ సగం నీలం, సగం పసుపు వేయాల్సి వచ్చింది. హిందీ ఇంటి పిల్లలు తెలుగులో "రాముకి చూశాను" అనడానికి కారణం ఈ రెండు రంగుల ముక్కలో ఉంది. వాళ్ళ భాషలో ఒకటే ఉన్నదాన్ని ఇక్కడ రెండుగా కొయ్యాలి.

ఇంకో హెచ్చరిక. "డాక్టర్ని పిలిచాను", "నేను డాక్టర్ని". రెండు "ని"లూ చూడ్డానికి ఒకటే, పని వేరు. రెండోది "ఈ డాక్టరు నేనే" అని చెప్పే గుర్తు: నేను డాక్టర్ని, నువ్వు డాక్టరువి, మేం డాక్టర్లం. మొదటి "ని" నీలం, రెండో "ని" కి క్రియ రంగైన పచ్చ. క్రియ లేని వాక్యంలో క్రియ చేసే పని అదే చేస్తోంది మరి. రెండూ ఒకే డబ్బాలో వేస్తే కలిసిపోతాయి, పచ్చ "ని" కి ఒక మూల కత్తిరించండి.

దశ 5: దారాలు

క్రియ ఎవరి మాట వింటుంది? ఇది చూపించడానికి క్రియ నుంచి, అది ఎవర్ని బట్టి మారుతుందో ఆ ముక్కదాకా ఊలు దారం. దారం చివర్లకి చిన్న గుండీ అయస్కాంతాలు కట్టకండి. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు పిల్లలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ప్రాణం మీదికొస్తుంది. ప్లాస్టిక్ తల ఉన్న 20 మి.మీ. వైట్‌బోర్డు అయస్కాంతాలు వాడండి.

పరీక్ష తేలిక: నామాన్ని మార్చి చూడాలి. క్రియ రూపం మారితే దారం అక్కడికే.

ఆకలి వాక్యంలో నాలుగు భాషల్లో దారం ఆకలి దగ్గరికే పోయింది. "వేస్తోంది" ఆకలిది, "లగీ"లో ఈకారం "భూఖ్" స్త్రీలింగం కాబట్టి. ఒక్క ఇంగ్లీషులోనే "యామ్" నుంచి "ఐ" కి. కర్త ఎవరన్న పంచాయితీ దారం తెంచేసింది. తెగనిచోట కూడా కనీసం ఎక్కడ తెగలేదో కనిపిస్తుంది.

హిందీలో ఇంకో వింత. "రామ్ రోటీ ఖాతా హై" లో దారం రామ్‌కి. "రామ్ నే రోటీ ఖాయీ" లో రామ్‌ని దాటేసి రోటీకి. "సీతా నే ఆమ్ ఖాయా" లో సీత ఆడమనిషైనా క్రియ పుంలింగం, మామిడిపండుని బట్టి. "రామ్ నే లడ్కీ కో దేఖా" లో ఇద్దరికీ గుర్తులు తగిలాయి, దారం ఎవరికీ అందదు. క్రియ పుంలింగ ఏకవచనంలో ఒంటరిగా నిలబడుతుంది. పని పూర్తయిందని చెప్పే రూపాల్లోనే, సకర్మక క్రియలకే ఈ "నే". తెలుగువాళ్ళం "మైఁ రోటీ ఖాయా" అనేసేది ఇక్కడే, మన దారం ఎప్పుడూ తినేవాడి దగ్గరికే పోతుంది కాబట్టి.

బెంగాలీలో రాము ఖేలో, సీతా ఖేలో, ఓరా ఖేలో. ఆడా మగా తేడా లేదు, ఒకరూ పదిమందీ తేడా లేదు. ఒడియాలో ఆడా మగా ఒకటే కానీ, ఒకడైతే ఖాఇలా, పదిమందైతే ఖాఇలె. ఇంగ్లీషు "ఏట్" కి దారమే అక్కర్లేదు.

తెలుగు దారం కాస్త తిక్కది. సీత వచ్చింది, ఆవు వచ్చింది: ఏకవచనంలో ఆడమనిషి ఆవు జట్టు. ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి: బహువచనంలోకి రాగానే మగవాళ్ళ జట్టు. ముక్కల డబ్బాకి లింగం అరలు "పుం, స్త్రీ, నపుంసక" అని మూడు చేశాం. తెలుగుకి అవి పనిచెయ్యలేదు. ఏకవచనానికి "మగ / మిగతా", బహువచనానికి "మనుషులు / మిగతా" అని నాలుగు అరలు చేశాక సర్దుకుంది.

ఈ దశలో ముక్కలు మారలేదు. బల్ల మీద 353.

దశ 6: కాదు, లేదు

ఆయన డాక్టరు కాదు. ఆయన ఇంట్లో లేడు. తెలుగుకి రెండు నిరాకరణలు: ఫలానా అవునా కాదా అన్నదానికొకటి, ఉన్నాడా లేడా అన్నదానికొకటి. హిందీ రెంటికీ "నహీఁ హై", ఇంగ్లీషు రెంటికీ "ఈజ్ నాట్". ఒడియాలో "సె డాక్తర నుహెఁ", "సె ఘరె నాహిఁ". బెంగాలీలో "ఓ డాక్తార్ నొయ్", "ఓ బాడితె నేయ్". తూర్పు తీరం భాషలు మూడూ ఒక జట్టు. హిందీ బంధుత్వం ఒడియా, బెంగాలీలతో. ఈ విషయంలో మాత్రం వాటి పొత్తు తెలుగుతో.

ఎక్కడ పెట్టాలన్నది వేరే లెక్క. హిందీ నిరాకరణ క్రియకి ముందు (మైఁ నహీఁ జాతా), బెంగాలీ వెనక (ఆమి జాఇ నా), ఒడియా వెనక (మూఁ జాఏ నాహిఁ). తెలుగులో క్రియ లోపలికే దూరింది: వెళ్తాను, వెళ్ళను. "ను" అలాగే ఉంది, కాలం గుర్తు పోయింది. "వెళ్ళను"లో "కాదు" అనే ముక్క ఏదని వెతక్కండి, దొరకదు. ఖాళీ ముక్క, ఏమీ రాయనిది, 22 మి.మీ.ది, ఒకటి పెట్టాం. లేకపోవడానికీ ఒక ముక్క కావాల్సి వచ్చింది.

దారం పరీక్షలో "వెళ్ళలేదు" విఫలమైంది. రాము వెళ్ళలేదు, నేను వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు: ఎవర్ని మార్చినా క్రియ కదలదు. దారం వదిలేశాం. తర్వాత "రాము వెళ్ళలేడు" వచ్చింది. ఇక్కడ దారం ఉంది: వెళ్ళలేను, వెళ్ళలేడు, వెళ్ళలేరు. ఒకటి జరగలేదని, ఇంకోటి చేతకాదని. మరి సీత? "సీత వెళ్ళలేదు" అంటే వెళ్ళలేదనీ అవుతుంది, వెళ్ళే శక్తి లేదనీ అవుతుంది. స్త్రీలింగపు "దు", ఎవరికీ చెందని "దు" ఒకే చోట పడ్డాయి. ఒకే ముక్క, ఒకసారి దారంతో, ఒకసారి దారం లేకుండా. ఈ బల్ల మీద మాకు బాగా నచ్చిన వరస ఇదే.

దశ 7: దారాలు ఎన్నిసార్లు అడ్డం పడతాయి

తెలుగు వరసలోని ప్రతి ముక్క నుంచి కింది భాషలో దాని జత దాకా దారం కట్టి, ఎన్ని చోట్ల ఒకదాన్నొకటి దాటాయో లెక్కపెట్టాలి. తెలుగు వరస:

నేను 1, రాము 2, కి 3, రాసి 4, న 5, ఉత్తరం 6, బల్ల 7, మీద 8, ఉంది 9.

ఇంగ్లీషు: ద లెటర్ దట్ ఐ రోట్ టు రాము ఈజ్ ఆన్ ద టేబుల్. "ద" కి తెలుగులో జత లేదు, దాన్ని వదిలేస్తే వరస 6 5 1 4 3 2 9 8 7.

తొమ్మిది దారాలు ఒకేసారి కడితే ఊలుబంతి అయిపోతుంది, లెక్క తెగదు. దారం లేకుండా లెక్కించే పద్ధతి:

1. అంకెలు వరసగా రాయాలి.
2. ప్రతి అంకెకీ కుడివైపున దానికంటే చిన్నవి ఎన్నో చూడాలి.
3. అన్నీ కూడాలి.

6 కి 5, 5 కి 4, 1 కి 0, 4 కి 2, 3 కి 1, 2 కి 0, 9 కి 2, 8 కి 1. మొత్తం 15. తొమ్మిది ముక్కలకి గరిష్ఠం 36.

హిందీ: మైఁ-నే రాము కో జో చిట్ఠీ లిఖీ, వో మేజ్ పర్ హై. జత లేని "నే", "వో" వదిలేస్తే వరస 1 2 3 5 6 4 7 8 9. మొత్తం 2.

ఒడియా: మూఁ రాము-కు లేఖి-థిబా చిఠి టేబుల్ ఉపరె అఛి. మొత్తం 0.

బెంగాలీ: ఆమార్ రాము-కె లేఖ్-ఆ చిఠి-టా టేబిల్-ఏర్ ఉపొర్ ఆఛె. జత లేని "టా", "ఏర్" వదిలేస్తే మొత్తం 0.

15 అన్న అంకెని చూసి ఇంగ్లీషు చిందరవందర అనుకోకూడదు. 4 3 2 చూడండి, 9 8 7 చూడండి. తెలుగు క్రమాన్ని అద్దంలో చూసినట్టుంది. క్రియ చివర ఉండే భాషల్లో "కి, మీద" లాంటివి ఎక్కువగా నామం వెనక ఉంటాయి, క్రియ కర్మకి ముందొచ్చే భాషల్లో ఎక్కువగా ముందుంటాయి. భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలు చూసి 1963లో ప్రకటించిన 45 సూత్రాల్లో ఇలాంటి జోడీలున్నాయి. కర్త, కర్మ, క్రియ అనే మన వరస అరుదైనదేమీ కాదు. మాథ్యూ డ్రయర్ అనే భాషావేత్త 1,370 పైచిలుకు భాషల్ని వర్గీకరిస్తే 560కి పైగా మన వరసవే. ఇంగ్లీషు వరసవి 488. క్రియతో మొదలెట్టి తర్వాత కర్త, కర్మ చెప్పేవి 95.

ఒడియాకి సున్నా రావడం మొదట లెక్క తప్పనుకుని రెండుసార్లు చూశాం. తప్పు కాదు. "రాసిన ఉత్తరం" అని మనం క్రియాజన్య విశేషణంతో చెప్పేదాన్ని ఒడియా "లేఖిథిబా చిఠి" అని అదే చోట అదే రకంగా చెబుతుంది. "జేఉఁ" అని మొదలెట్టే హిందీ తరహా వాక్యం కూడా దానికుంది, రెండూ వాడతారు. చుట్టరికం లేని భాషలు ఒకే నేల మీద ఇరుగుపొరుగుగా బతికి ఒకే తీరుకి వస్తాయని భాషావేత్త ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక భాషా మండలం అన్నది ఇలాంటివి చూసే.

ఈ విశేషణం ముక్కతో ఒక ఇబ్బంది ఉంది. "చదివిన" తర్వాత పిల్ల, పుస్తకం, గది, రోజు, కళ్ళద్దాలు ఏది పెట్టినా కుదురుతుంది. చదివింది పిల్ల, చదవబడింది పుస్తకం, చదివిన చోటు గది. ఏది ఏమిటో "న" చెప్పదు, వినేవాళ్ళు లోకజ్ఞానంతో పట్టుకోవాలి. ఇంగ్లీషులో అదే పనికి "హూ, విచ్, ఇన్ విచ్, ఆన్ విచ్, విత్ విచ్" అని ఐదు రకాల ముక్కలు వేయాల్సి వచ్చింది. ఇంగ్లీషు డబ్బా ఉబ్బిపోయింది ఇక్కడే.

దశ 8: అదనపు వాక్యాలు

కొత్తగా రెండు వాక్యాలు చేర్చాం.

మొదటిది "అని". రాము వస్తానని చెప్పాడు. ఒడియా: రాము ఆసిబి బోలి కహిలా. "వస్తాను", "ఆసిబి" రెండూ ఉత్తమ పురుషే, రాము నోట్లోంచి వచ్చిన మాటని అలాగే ఉంచి వెనక "అని", "బోలి" తగిలించారు. రెండూ "అను" అనే అర్థమున్న క్రియల నుంచి వచ్చినవే. హిందీలో "రాము నే కహా కి మైఁ ఆఊఁగా": మాట అలాగే ఉంది, ముక్క మాత్రం ముందుకి వచ్చింది. బెంగాలీలో "రాము బోల్లో జె ఓ ఆస్‌బే" అంటే వచ్చేది "ఓ", అతను. ఇంగ్లీషులో "హి వుడ్ కమ్": పురుషా మారింది, కాలమూ మారింది. "వస్తాను + అని" కలిసేచోట మళ్ళీ మూత ముక్కే.

రెండోది ప్రశ్న. "రాము నిన్న వచ్చాడా?" లో "ఆ" ని క్రియ మీంచి తీసి "నిన్న" మీద పెడితే "రాము నిన్నా వచ్చింది?" అవుతుంది. "ఆ" ఒక్కటే జరిపి "రాము నిన్నా వచ్చాడు?" అని పేర్చి ఇది తప్పెందుకో తెలియక వదిలేసినవాళ్ళు ఎక్కువ. "ఆ" జరిగితే "డు" ముక్క తీసి నపుంసకపు ముక్క పెట్టాలి. దారం కూడా తెంచాలి. హిందీ "క్యా" మొదట్లో కూర్చుంటుంది, ఒడియా "కి" చివర్లో, క్రియ కదలదు.

లెక్క: వాక్యాలు 14 × 5 = 70 వరసలు, "ఇక్కడి మాట" 6, మొత్తం 76. ఈ రెండు వాక్యాలకీ ఆరు అదనపు వరసలకీ కొత్త ముక్కలు 74. బల్ల మీద 353 + 74 = 427. వేయించినవి 556, పోయినవి 129.

తరచూ పోయే ముక్క నీలం "ని". 22 మి.మీ.ది, సోఫా సందుల్లోకి జారిపోతుంది. అది లేకుండా పోతే "పులిని చంపిన వేటగాడు" అన్న వరస "పులి చంపిన వేటగాడు" అయిపోతుంది. బల్ల మీద అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, వేటగాడు మాత్రం చచ్చిపోయి ఉంటాడు. పై లెక్కలో చేర్చకుండా ఆరు "ని"లు అదనంగా కోసి డబ్బా మూతకి అంటించి ఉంచండి.